నీళ్ళలో నీళ్ళు ఊదిన సారు

మొన్న పొద్దున మా ఇంట్లో నల్లా పైపు డ్రమ్ములో మునిగి దగ్గింది. చాలా రోజుల తర్వాత వదిలిన నీళ్ళు కదా, పైపులో గాలి ఇరుక్కుని డుబ్... డుబ్... అంటూ గుక్కలు గుక్కలుగా కక్కుతోంది. డ్రమ్ము అడుగున పేరుకున్న సన్నమట్టి ఒక్కో దగ్గుకు కడియంలా గుండ్రంగా లేచి, అలాగే కదిలి పోయి, అవతలి అంచుకు తగిలి చెదిరిపోతోంది. నేను బిందె పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాను.

"ఏందవ్వా, డ్రమ్ముల ఏమన్న పడ్డదా?" అని నా బిడ్డ అడిగింది.

"ఏం పడలే. సారు యాదికొచ్చిండు."

ఏ సారు అని అది అడగలేదు. మా ఇంట్లో సారు అంటే ఒక్కడే.

ఆయనకో పేరుంది. వచ్చిన రోజే చెప్పాడు. కానీ అది ఆయన అసలు పేరేనని ఊళ్ళో ఎవరు నమ్మారు గనక? అందుకే ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఎదురుగా ఉంటే సారు, అటు తిరిగితే నీళ్ళు ఊదే సారు.

మాది మందమర్రి దిక్కు పల్లె. ఊరి భూములన్నీ బొగ్గు కిందికి పోయాయి. బొగ్గు తోడుకున్నాక మాకు మిగిలింది పేద్ద గుంత. ఊట నీళ్ళు, వాన నీళ్ళు చేరి అడుగు కనిపించని మడుగైంది. భూములు పోయినవాళ్ళం సంఘం కట్టుకుని ఆ నీళ్ళ మీద చేపలు పెంచుతున్నాం. ఇనుప చట్రాలకు వలలు దిగేసి, డ్రమ్ముల మీద తేలేలా కడతారు. వాటిని కేజులంటాం. నా పెనిమిటికి పొద్దస్తమానం ఆ కేజుల మీదే పని. మాకు ఇక పొలమైనా, పంటైనా ఆ చేపలే.

అలాంటి గుంత ఒడ్డున ఒక ఎండాకాలం చివర ఆటో ఆగి, అందులోంచి సారు దిగాడు. వెంట ఇనుప డబ్బాలు, తాళ్ళు, పైపుల చుట్టలు. వయసు యాభై దాటి ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు చాపి, ఎక్కడో ఏదో కారుతున్న చప్పుడు వింటున్నట్టుగా ఉంటాడు. మాట మా దిక్కుది కాదు. ఎటుదో అంతుపట్టలేదు కూడా. ఏదో పెద్ద కాలేజీ నుంచి వచ్చానన్నాడు. నీళ్ళ అడుగున నీళ్ళను గుక్కలుగా ఊదే మిషన్ పెట్టి, ఆ ఊదిన నీళ్ళు ఎటు పోతాయో, ఎంత దూరం పోతాయో కొలుస్తానన్నాడు.

సంఘం పెద్ద రాజలింగు అంతా విని తల ఊపి, ఆయన అటు పోగానే ఇటు తిరిగి, "నీళ్ళను కొలుస్తరు, ఎరుకే. నీళ్ళల్ల నీళ్ళు ఊది కొలిసేటోన్ని నా జన్మల సూడలే. వీడు కంపెనీ మనిషి. అడుగున ఇంక బొగ్గున్నదా అని సూడొచ్చిండు. ఉన్నదని తేలితే నీళ్ళు తోడేస్తరు, మన కేజులు మట్టిల పడ్తయ్," అన్నాడు.

అందరి కడుపుల్లోనూ ఆ భయమే కూర్చుంది. అప్పటి నుంచి ఆయన ఏం చేసినా మేం దాంట్లోంచే చూశాం.

కిరాయికి గది అడిగితే ఎవరూ ఇయ్యలేదు. మా అత్త ఒక్కతే ఇస్తానంది. నాకు ఆశ్చర్యమేసి, "ఎందుకత్తా?" అంటే, "గాడెక్కడనో ఉండి ఏం జేస్తుండో తెల్వకుంటె నిద్ర పడ్తదా పిల్లా? కండ్ల ముందట ఉంటే తుమ్మినా ఎరుకైతది," అంది.

అలా మా ముందు గదిలోకి వచ్చాడు. తిండి కూడా మా ఇంట్లోనే. మొదటి రోజు పచ్చిపులుసు, పప్పు పెట్టాను. మాట్లాడకుండా తిని లేచాడు. బాగుందనైనా అనలేదేమని నాకు చిన్నబుచ్చినట్టయింది. మరునాడు మళ్ళీ పచ్చిపులుసే చేశాను. తిన్నాక, "బాగుందమ్మా. నిన్న కూడా బాగుంది. కానీ నిన్న ఆకలి మీద తిన్నాను, ఆ రుచిని నమ్మడానికి లేదు," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఊరంతా కలిసి ఆయన్ని ఎంత అనుమానిస్తోందో అంతకు రెట్టింపు అనుమానం ఆయన ఒక్కడి దగ్గరే ఉందని. చేతికి గడియారం ఉండేది, అయినా వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి టైమెంతని అడిగేవాడు. నేను చెప్పాక తన గడియారం చూసుకునేవాడు. తాడు కొలిస్తే ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి. ఏదైనా చెబితే "అట్లాగా?" అని విని, కొంచెం సేపయ్యాక అదే సంగతిని వేరే మాటల్లో మళ్ళీ అడిగేవాడు. మా అత్తకు ఒళ్ళు మండేది.

"పొద్దుగాల చెప్తి గద సారూ, మల్ల అడుగుతవేంది? నేనేమన్న కోర్టుల బోనెక్కిన్నా?"

"మీ మీద అనుమానం కాదు పెద్దమ్మా. నేను సరిగా విన్నానా లేదా అని."

"నీ చెవుల మీద నీకే నమ్మకం లేకపాయె. మరి గా నీళ్ళనేం నమ్ముతవ్?"

"ఒక్క నీళ్ళ మీదే నాకు అనుమానం లేదు," అనేవాడు.

గుంత ఒడ్డున ఆయన పని చూడ్డానికి రోజూ నలుగురు కూర్చునేవారు. చూడ్డానికంటే కాపలాకు అనడం నిజం. అన్నం గిన్నె తీసుకుపోయే నెపంతో నేనూ పోయేదాన్ని. డ్రమ్ముల తెప్ప మీద నిలబడి, ఒక కాలికి చెప్పు ఉంచుకుని రెండో కాలి చెప్పు విడిచేసేవాడు. ఆ ఒంటికాలి చెప్పు చూసి ఊళ్ళో ఒక పుకారు. ఏదో చేతబడి చేస్తున్నాడని, గుంతలో ఆయన కలిపే రంగునీళ్ళు కూడా దానికేనని. మా ఆయనే ఉండబట్టలేక అడిగాడు. "ఉత్త కాలికి మిషన్ దెబ్బ తెలుస్తుంది తమ్ముడూ. చెక్క అదురుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య తేడా వస్తే కంటికన్నా ముందు కాలికి తెలుస్తుంది," అన్నాడట. మరి రెండో కాలికి చెప్పెందుకంటే, "ఆ పక్క ఇనుము, కాలుతుంది కదా," అన్నాడట. అందులో దాచిందేమీ లేదు. అయినా రాజలింగు, "జవాబు శాన తొందరగ చెప్పిండంటే ముందుగాలనే అనుకొని పెట్టుకున్నడన్నట్టు," అన్నాడు.

మిషన్ అంటే తెప్ప నుంచి తాళ్ళతో నీళ్ళలోకి దింపిన, చిన్న పొయ్యి అంత ఇనుప డబ్బా. ముందు గుండ్రటి మూతి. లోపల దళసరి రబ్బరు. ఒడ్డున ఇంజను గాలి తోస్తుంటే ఆ రబ్బరు గుండెలా కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా మూతిలోంచి ఒక గుక్క నీళ్ళు బయటికి ఊదుతుంది. ఆ గుక్కలో గులాబి రంగు కలిపి, నీళ్ళలో కెమెరా దింపి, తెప్ప మీద చిన్న టీవీలో చూసేవాడు. మిషన్ నుంచి కేజుల దిక్కుకు వరసగా బెండ్లు తేలేసి, ఒక్కోదాని కింద దారం, దారానికి ఊలు కుచ్చులు కట్టాడు. అడుగున గుక్క వచ్చి తగిలితే కుచ్చు ఊగుతుంది. ఎంత దూరం దాకా ఊగితే గుక్క అంత దూరం పోయినట్టు. అన్నిటికన్నా చివరి బెండు ఎర్రది, కేజులకు కొంచెం ఇవతల.

ఇదంతా నాకు అర్థమయింది మా అత్త వల్ల. ఆమె చుట్ట తాగుతుంది. మనసు బాగుంటే పొగను గుండ్రంగా, గాజుల్లా వదులుతుంది. ఒక సాయంత్రం గడపలో కూర్చుని అలా వదులుతుంటే సారు వాకిట్లో నిలబడిపోయి ఆమె నోటి వంక కళ్ళార్పకుండా చూడసాగాడు.

"ఏంది సారూ, ముసల్దాని మూతి దిక్కు గట్ల సూస్తవ్?"

"ఇంకొకటి వదులు పెద్దమ్మా."

"గిట్ల సూసినోడు నా పెనిమిటి ఒక్కడే. ఆయన గూడ పెండ్లైన కొత్తల్నే," అని మా అత్త అంటే నేను లోపల కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆయన నవ్వలేదు. గడప దగ్గర గొంతుక్కూర్చుని, "ఊరికే ఉఫ్‌మని ఒకటే ఊదు ఊదండి," అన్నాడు. ఆమె ఊదింది. పొగ మూతి దగ్గరే చెదిరిపోయింది. "ఇప్పుడు గుక్కగా." గాజు లేచి, తిరుగుతూ తిరుగుతూ వాకిలి మధ్య దాకా పోయింది.

"అదే నా పని. ధారగా తోసిన నీళ్ళు దగ్గర్లోనే చెదిరిపోతాయి. గుక్కగా ఊదితే తమను తాము చుట్టుకుని దూరం పోతాయి. మీ గుంత అడుగున నీళ్ళు ఏళ్ళ తరబడి కదల్లేదు. కుళ్ళిపోయి ఉన్నాయి. ఏ వానకో గాలికో అవన్నీ ఒక్కసారి పైకి లేస్తే చేపలు ఒక్కటి మిగలదు. అలా కాకుండా కొంచెం కొంచెంగా కదిలించి గాలి పట్టించాలి. అయితే నేను ఊదిన గుక్క మీ కేజుల దాకా మాత్రం పోకూడదు. పోతే ఆ కుళ్ళు నీళ్ళు నేనే చేపల నోట్లో పోసినట్టు. అందుకే ఎర్ర బెండు. అది ఊగిన రోజు మిషన్ ఆపేస్తాను."

మా అత్త చుట్ట దులిపింది. ఆయన గదిలోకి పోయాక, "గింత మంచిగ చెప్తుండంటె జర భయమైతున్నది పిల్లా," అంది.

ఆమె భయానికి కారణం ఉంది. గుంత పడకముందు మా చేలల్లో సర్వే కట్టెలు పాతారు, కొసకు ఎర్ర గుడ్డ కట్టి. వాటిని పీకితే కేసు. అందుకని మావాళ్ళు ఒక ఉపాయం పట్టారు. కట్టెను పీకరు, జరుపుతారు. అదీ అన్నిటినీ కాదు, తమ చేనుకు తాకే చివరి కట్టెను మాత్రం, కొంచెం పక్కకు. చూసినవాడికి అనుమానం రావాలే గానీ రుజువు దొరకకూడదు. ఆ రోజుల్లో ఒక ఆఫీసరు మా ఇంట్లోనే చాయ్ తాగి, నవ్వుకుంటూ, "ఎవరు జరిపారో చెప్పండి, ఏమీ అనను," అన్నాడు. మా మామ నమ్మి, నేనే అన్నాడు. తెల్లారి ఠాణా నుంచి జీపు వచ్చింది. అప్పటి నుంచి ఊరికొక కట్టు పడింది. కట్టె జరిపినవాడు కన్నతల్లికి కూడా చెప్పడు, చూసినవాడు చూడనట్టే.

ఇప్పుడు నీళ్ళ మీద ఎర్ర బెండు తేలుతుంటే మావాళ్ళ చేతులు ఊరుకుంటాయా?

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తీసుకుని నేను పోయేసరికి సారు తెప్ప మీద చెప్పు లేని కాలిని ఎత్తి దించుతూ నిలబడి ఉన్నాడు. టీవీ వంక, బెండ్ల వంక మార్చి మార్చి చూస్తున్నాడు. గిన్నె మూత తీయలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంటూ మా ఆయనతో అన్నాడు.

"తమ్ముడూ, ఎర్ర బెండుకు ముందున్నది గట్టిగా ఊగింది. ఎర్రది మాత్రం అసలు కదల్లేదు. ఇంతవరకూ వచ్చిన గుక్క ఉన్నట్టుండి మాయమైపోదు కదా?"

మా ఆయన మేకు కొడుతున్నవాడు కొడుతూనే, "ఏమో సారూ," అన్నాడు.

"ఆ బెండు గాలికి జరిగిందేమో అనుకుందామంటే, అట్లయితే తక్కినవీ జరిగి ఉంటాయి. అప్పుడు నేను ఇన్నాళ్ళు కొలిచినవన్నీ తప్పు. మనిషి జరిపి ఉంటే తప్పు ఆ ఒక్క బెండుదే. ఎవరు జరిపారో నాకు వద్దు. గాలా, మనిషా, అది చాలు."

సుత్తి చప్పుడు ఆగింది. మా ఆయన వాళ్ళమ్మ వంక చూశాడు. ఆమె నోట్లో చుట్ట తీసి, "మాకెర్కలే బిడ్డా. నీళ్ళ మీద గాలి ఉంటనే ఉంటది," అంది. నవ్వుకుంటూ అడిగిన ఆఫీసరు గడపలో మళ్ళీ నిలబడ్డట్టే అనిపించి ఉంటుంది ఆమెకు. నేను పొయ్యి ఊదుతున్నదాన్ని తలెత్తలేదు.

"సరే పెద్దమ్మా," అన్నాడు సారు. ఒకసారే అడిగాడు. వేరే మాటల్లో మళ్ళీ అడగకపోవడం అదే మొదలు.

ఇంతలో ఆయన ఫోను మోగింది. పైవాళ్ళెవరో. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు. అవతలి గొంతు గట్టిది, సగం మాటలు మాకూ వినిపించాయి. ఎర్రది ఊగలేదంటే ఏ ప్రమాదమూ లేనట్టే కదా, ఊదుడు పెంచు, వానలు పడేలోగా పని అయిపోవాలి అంటున్నారు.

"ఊగలేదు, నిజమే. కానీ నాకు నమ్మకం లేదండీ," అన్నాడు సారు. అటునుంచి కేకలు. "మీరు నమ్మితే నమ్మండి. నాకే నమ్మకం లేని లెక్క మీద వాళ్ళ చేపల్ని పెట్టి ఆడలేను. గాలే అయితే మొత్తం మళ్ళీ కొలవాలి. అందుకు మీరు ఒప్పుకోనంటే మిషన్ ఎత్తుకుని వచ్చేస్తాను."

ఫోను జేబులో పెట్టుకుని గదిలోకి పోయాడు. ఆ పూట అన్నం వద్దన్నాడు.

మా ఆయన ఒక్కో మేకూ ఏరి డబ్బాలో వేశాడు. "అవ్వా," అన్నాడు చివరికి.

"నోరు మూసుకో."

"నేనేమన్న అన్ననా?"

"అనేటట్టున్నవ్. మీ బాపును జీబుల ఎక్కిచ్చిననాడు గూడ గిట్లనే తియ్యగ అడిగిండ్రు."

"గాయన అడిగి పట్టిచ్చిండు. గీయన అడిగి పని బందు వెట్టుకుంటుండు. రెండు ఒక్కటెట్లయితయే?"

ఆమె చుట్ట ఆరిపోయినా పీలుస్తూనే ఉంది.

తెల్లవారి సారు సామాను సర్దుకోవడానికి గుంత దగ్గరికి పోతుంటే మా ఆయన ఎదురుపోయి, "సారూ, పోయేముందు జర నా తెప్ప ఎక్కుండ్రి. ఒక్కపారి తిరిగొద్దాం," అన్నాడు. నేను వెనకే పోయి ఒడ్డున నిలబడ్డాను. కాపలాకు కూర్చున్న రాజలింగు కూడా లేచి నిలబడ్డాడు. మా ఆయన అతని వంక చూడలేదు. తెడ్డు వేసుకుంటూ కేజుల దిక్కు పోయి, ఒక చోట ఆపాడు. ఎర్ర బెండు అక్కడికి దూరంగా, పక్కగా తేలుతోంది.

నీళ్ళ మీద మాట బాగా వినిపిస్తుంది.

"సారూ, గీడ నీళ్ళు సల్లగుంటయ్. ముట్టి సూడుండ్రి," అన్నాడు మా ఆయన.

సారు వంగి చెయ్యి ముంచాడు. ఎందుకిక్కడ ఆపావని అడిగితే మా ఆయన ఏం చెప్పగలడు? అడగలేదు.

"అవును తమ్ముడూ. ఇక్కడే చల్లగా ఉన్నాయి," అన్నాడు.

ఎర్ర బెండును లాక్కొచ్చి అక్కడ, అది ముందున్న చోటే, రాయి దింపి నిలిపారు. సారు తన తెప్ప మీదికి పోయి, ఒక చెప్పు విడిచి, మిషన్ నడిపాడు. మా ఆయన్ని పక్కన నిలబెట్టుకుని టీవీ చూపించాడు. తర్వాత మా ఆయన చెప్పిందే నేను చెబుతున్నాను. నల్లటి నీళ్ళలో గులాబి గాజు ఒకటి తిరుగుతూ వచ్చిందట. ఎక్కడా తొందర లేదట, ఎక్కడా ఆగలేదట. ఎర్ర బెండు కింది కుచ్చును చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టి, అది దాటి, మా కేజు వల కింద, చేపలు గుంపుగా తిరిగే చోటికి మూరెడు ఇవతల చెదిరిపోయిందట. ఊదుడు పెంచకముందే అంత దూరం పోయింది. పెంచి ఉంటే?

ఇంకో గాజు కూడా అలాగే పోవడం చూసి సారు ఇంజను ఆపేశాడు. మా ఆయన తెడ్డు పట్టకుండా కేజుల వంకే చూస్తూ కూర్చున్నాడట. ఆయన్ని ఒడ్డుకు తెచ్చింది సారే, తెడ్డు వేయడం రాక గుండ్రంగా తిప్పుతూ.

అదే ఒడ్డున నిలబడి ఫోను చేశాడు. కేజులున్నన్నాళ్ళూ ఈ గుంతలో మిషన్ నడపకూడదు, పోయిందనుకున్న చోటికన్నా గుక్క చాలా దూరం పోతోంది, నేనే చూశాను, రెండుసార్లు చూశాను అన్నాడు. బెండు సంగతి మాత్రం నోటి వెంట రాలేదు. ఆ పని మీద ఆయన ఎన్నేళ్ళు పెట్టాడో మాకు తెలియదు. కేకలు మళ్ళీ వినిపించాయి. ఈసారి ఆయన ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకుని, నీళ్ళ వంక చూస్తూ విన్నాడు.

సామాను ఆటోలో వేసేటప్పుడు ఊరు ఊరంతా వచ్చింది. సాగనంపడానికి కాదు. గుంతలోంచి ఏమైనా పట్టుకుపోతున్నాడేమోనని. రాజలింగు చేతులు వెనక్కి కట్టుకుని, "సంచులల్ల ఏమున్నయ్ సారూ?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. సారుకు మాత్రం కోపం రాలేదు. ఆయనకు అది న్యాయమైన ప్రశ్నలాగే తోచినట్టుంది. ఒక్కో సంచీ దింపి విప్పాడు. తడి తాళ్ళు, ఊలు కుచ్చులు, రంగు డబ్బా, ఒక జత బట్టలు. "చూడండి. చూడకుండా నమ్మొద్దు," అన్నాడు. చివరి సంచీ విప్పబోతుంటే మా ఆయన వంగి దాని మూతి ముడేశాడు.

"సాలు. పోనియ్యుండ్రి," అన్నాడు రాజలింగుతో.

"గా సంచీలనే ఏమన్న ఉన్నదేమో?" అన్నాడు రాజలింగు.

"ఉంటె ఉండనియ్యి."

మా ఊళ్ళో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. జనం కొంచెం వెనక్కి తగ్గారు. సారు మా అత్త దగ్గరికొచ్చి దండం పెట్టాడు. ఆమె ఏమనాలో తోచక, "దారిల నీళ్ళు తాగేటప్పుడు సూసుకొని తాగు బిడ్డా," అంది. "అలాగే పెద్దమ్మా," అని ఆయన ఆటో ఎక్కాడు.

ఆ తర్వాత ఆయన జాడ మాకు తెలియదు. ఫోను నంబరు ఇచ్చిపోయాడు గానీ, మా ఆయన రెండుసార్లు నొక్కి మోగకముందే పెట్టేశాడు. ఏమని చెప్పాలి మరి, నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయనా?

ఆటో మలుపు తిరిగే దాకా మా అత్త గడపలో నిలబడే ఉంది. తర్వాత చుట్ట అంటించుకుని, "మంచోడే కావచ్చు," అంది.

అంతకన్నా పెద్ద మాట మా ఊళ్ళో ఎవరి గురించీ ఎవరూ అనరు. ఆమె రెండు దమ్ములు లాగి, కొడుకు దిక్కు తిరిగింది.

"ఇంక గట్ల నిలబడ్డవేంది? ఎందుకన్న మంచిది, పోయి చేపలు సూసి రాపో."

మా ఆయన నవ్వి, తెడ్డు భుజాన వేసుకుని పోయాడు.